ఒకటికి రెండిళ్ళు

ఫిబ్రవరి 8, 1997, శనివారం

ప్రాదో వీధి చెట్ల కింద అట్టముక్క పట్టుకుని నాలుగు గంటలు నిలబడ్డాను. "ఒకటికి రెండు. నెప్తూనో వీధి, నాలుగో అంతస్తు, రెండు గదులు, బాల్కనీ." అక్షరాలు నావే. బాల్కనీ కింద రెండు గీతలు గీసింది కూడా నేనే. హవానాలో ఇల్లు అమ్మనివ్వరు, కొననివ్వరు, మార్చుకోమంటారు. అందుకని శనివారం వచ్చేసరికి సగం ఊరు అట్టలు పట్టుకుని, ఒకరి అట్ట ఒకరు చదువుకుంటూ తిరుగుతుంది.

ఇవాళ వచ్చినవి మూడు. ఒకడికి కారు లేదు గానీ కారు షెడ్డున్న ఇల్లు కావాలట. ఒకావిడ రెండు గదులు ఇస్తానంది, రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి, మధ్య గదిలో ఆవిడ ఉంటుందట. మూడో ఆయన అన్నీ బాగానే చెప్పాడు. స్నానాల గది ఎక్కడని అడిగితే "పక్కింటివాళ్ళు చాలా మంచివాళ్ళండీ" అన్నాడు.

పదకొండుకి వచ్చి అట్ట అందుకుంటానన్న రిగోబెర్తో పన్నెండున్నరకి వేరుశెనగ పొట్లం తింటూ వచ్చాడు. "ఏమైనా దొరికిందా?" అని అడిగాడు. దొరికింది, కాళ్ళనొప్పి. మాకు విడాకులై ఆరేళ్ళయింది. కోర్టు మమ్మల్ని పావుగంటలో విడగొట్టి పంపించింది గానీ ఇల్లు అలాగే ఉంది. ఈ ఒక్కటి ఇచ్చి చెరొకటి తీసుకుంటే గానీ విడిపోలేం. అయిదేళ్ళుగా మధ్యలో ప్లైవుడ్ గోడ. అతను అటు ఈల వేస్తే నేను ఇటు పళ్ళు నూరుకుంటాను. బాల్కనీ అతని వాటాకి పోయింది. నా వాటాకి అటక వచ్చింది. నిచ్చెన ఎక్కి, తల వంచుకుని, కిటికీ లేని చోట పడుకోవాలి. యాభై నాలుగేళ్ళ మనిషిని.

నేను పెద్ద కోరికలేమీ కోరడం లేదు. తలుపేసుకుంటే అవతల నాకు తెలిసిన దగ్గు వినపడకూడదు. అంతే.

ఫిబ్రవరి 10, సోమవారం

స్కూలు నిఘంటువులో ఇచ్చిపుచ్చుకునే క్రియలన్నీ మా ఎడిటరు ఎలీహియో నాకే అప్పగించాడు. "నీకున్నంత అనుభవం ఇంకెవరికుంది, ఒతీలియా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను.

అయిదు క్రియలు. కాంబియార్ అన్నింటికీ పనికొస్తుంది, చొక్కా మార్చినా, బస్సు మారినా, మొగుణ్ణి మార్చినా అదే. కూపనిచ్చి సరుకు తెచ్చుకుంటే, ఖైదీలనిచ్చి ఖైదీలను విడిపించుకుంటే కాన్హేఆర్. రైతు మేకనిచ్చి మొక్కజొన్న తెచ్చుకుంటే త్రోకార్, అది తాతల నాటి మాట. ఇద్దరూ ఒకరికొకరు చిరునామాలో ఉత్తరాలో ఇచ్చుకుంటే ఇంటర్‌కాంబియార్. ఇక పెర్ముతార్ అంటే సమానమైనదానికి సమానమైనది, ఇద్దరి ఇష్టంతో, కాగితం మీద. ఇళ్ళకి అదే వాడాలి. జనం అన్నింటికీ కాంబియార్ అనేసి చేతులు దులుపుకుంటారు. వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఒక్కోదానికి పదేళ్ళ పిల్లలకు అర్థమయ్యే వాక్యం ఒకటి కావాలట. సాయంత్రానికి నాలుగు అయిపోయాయి. పెర్ముతార్ ఒక్కటీ మిగిలింది.

ఫిబ్రవరి 15, శనివారం

ప్రాదో. ఏమీ లేదు.

ఫిబ్రవరి 22, శనివారం

ప్రాదో. గాలి. అట్ట ఎగిరిపోతే పట్టుకోవడానికి పరుగెత్తాను. పట్టుకున్నవాడు చదివి, "నాలుగో అంతస్తా? లిఫ్టు లేదా?" అని తిరిగిచ్చేశాడు.

మార్చి 1, శనివారం

ఇళ్ళు కుదిర్చే ఓబ్దూలియా తనంతట తనే నా దగ్గరికి వచ్చింది. ఆవిడ చేతిలో నోటుపుస్తకం, చెవి వెనక పెన్సిలు. ఆ పుస్తకంలో హవానా మొత్తం ఉందంటారు.

"ఎన్నాళ్ళు నిలబడతావమ్మా ఇలాగ? ఇలా నిలబడితే ఎండ తగులుతుంది గానీ ఇల్లు తగలదు" అంది.

"మీ దగ్గర ఉంటే చెప్పండి."

"ఉంది కాబట్టే వచ్చాను. ఇదాల్మిస్ అని ఒకమ్మాయి. మొగుడూ తనూ సెర్రోలో ఒక్క గదిలో ఉంటున్నారు. ఆవిడ మేనత్తకి సాంతోస్ స్వారెస్‌లో కింద గది, విడిగా. ముగ్గురూ కలిసి ఒక ఇంట్లో ఉందామనుకుంటున్నారు. నీది ఒకటికి రెండు, వాళ్ళది రెండుకి ఒకటి. ఇంతకన్నా ఏం కావాలి నీకు?"

రేపు చూడ్డానికి వెళ్తున్నాం. రిగోబెర్తోకి గోడ మీద కొట్టి చెప్పాను. ఈల ఆపి "సరే" అన్నాడు.

మార్చి 2, ఆదివారం

సెర్రో గది చిన్నది, శుభ్రంగా ఉంది. రిగోబెర్తోకి చాలు. అతను పెళ్ళి చేసుకోబోయే సియోమారా కూడా వచ్చి, మంచం ఎటు వేయాలో అప్పుడే చూసేసుకుంది. మంచిదే.

తర్వాత మేనత్త ఇల్లు. ఎర్మెలిందా మామ్మ అంటారట అందరూ. డెబ్భై తొమ్మిదేళ్ళు. తలుపు నేరుగా వీధిలోకి. లోపల గది, దాని వెనక సొంత స్నానాల గది, ఆ వెనక రెండడుగుల పెరడు, అందులో ఒక జామచెట్టు. పైన ఎవరూ లేరు. పక్కన గోడ ఇటుకలది. నేను వెళ్ళి ఆ గోడ మీద చెవి పెట్టి చూశాను. ఏమీ వినపడలేదు. ఏడుపొచ్చింది నాకు, నిజంగా.

మామ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. సిగరెట్లు తాగనివాళ్ళు తమ రేషన్ సిగరెట్లు ఆవిడ దగ్గర పెట్టి పోతారు. తాగేవాళ్ళు వచ్చి పంచదార ఇచ్చి అవి పట్టుకుపోతారు. మేమున్న అరగంటలో నలుగురు వచ్చారు.

"మీకేం మిగులుతుంది మామ్మగారూ ఇందులో?" అని అడిగాను.

"పొద్దుపోతుంది" అంది.

ఇదాల్మిస్ ఆవిడ వెనక నిలబడి, "అత్తకి మాతో ఉండాలని ఎప్పట్నుంచో ఉందండీ. ఈ వయసులో ఒంటరిగా ఏం బాగుంటుంది?" అంది. మామ్మ వీధిలోకి చూస్తూ కూర్చుంది. పెద్దవాళ్ళు అంతే, సంతోషం వచ్చినా పైకి చెప్పరు.

మార్చి 5, బుధవారం

"ఆవిడకి ఇష్టమేనా? అడిగావా?" అన్నాడు రిగోబెర్తో, వంటింట్లో. స్టవ్ వంతు నాది, అతను అక్కడ ఉండకూడని వేళ.

"అడగాలా ఏంటి? మొహం చూస్తే తెలీదూ?"

"నీకు మొహాలు చూసి తెలుసుకోవడం ఎప్పుడొచ్చింది?" అన్నాడు. తన కాఫీ గిన్నె తీసుకుని వెళ్ళిపోయాడు. ఈ మనిషితో పద్దెనిమిదేళ్ళు కాపురం చేశాను.

మార్చి 8, శనివారం

మా ఇల్లు చూడ్డానికి వాళ్ళు వచ్చారు. డెబ్భై ఒక్క మెట్లు. మామ్మ రెండో అంతస్తు దాకా వచ్చి, మెట్టు మీద కూర్చుండిపోయింది. "నువ్వు చూసి చెప్దువుగానిలే" అంది ఇదాల్మిస్‌తో. పైకి రాలేదు.

ఇదాల్మిస్‌కి బాల్కనీ తెగ నచ్చింది. రెండు చేతులూ చాచి గది వెడల్పు చూసుకుంది. పన్నెండేళ్ళుగా వాళ్ళిద్దరూ ఆ ఒక్క గదిలోనే వండుకుని, ఆ గదిలోనే పడుకుంటున్నారు, నేను కాదనను. తర్వాత నా వాటాలోకి వచ్చింది. "అత్తకి ఇది చాలు. అటక మీద సామాన్లు పెట్టి, కింద మంచం వేస్తాం" అంది.

కిటికీ గురించి అడిగింది. "కిటికీ లేదు గానీ ఎండ తగలదు కాబట్టి చల్లగా ఉంటుంది" అన్నాను.

చల్లగానే ఉంటుంది. డిసెంబరులో చాలా చల్లగా ఉంటుంది.

దిగుతున్నప్పుడు మామ్మ ఇంకా ఆ మెట్టు మీదే ఉంది. మెట్లెక్కే ప్రతివాడూ ఆవిడతో మాట్లాడి వెళ్తున్నాడట. మూడో అంతస్తులో ఎవరికి షుగరు ఉందో, ఎవరి కొడుకు ఎవరితో తిరుగుతున్నాడో అన్నీ చెప్పింది నాకు. ఇన్నేళ్ళుగా ఉంటూ నాకు తెలియవు.

మార్చి 13, గురువారం

సాంతోస్ స్వారెస్ వెళ్ళాను. నిఘంటువు పని మీదే. మనుషులు నిజంగా ఏ మాట ఎప్పుడు వాడతారో రాసుకోవాలి కదా. ఆఫీసులో కూర్చుంటే తెలుస్తుందా?

ఒకడు నాలుగు గుడ్లిచ్చి సిగరెట్లు తీసుకున్నాడు. ఒకావిడ పాత బూట్లిచ్చి, తన పిల్లవాడి కాళ్ళకి సరిపోయే బూట్లు పట్టుకెళ్ళింది. మామ్మ అన్నింటికీ ఒకే మాట, కాంబియార్. నా నోటుపుస్తకం చూసి నవ్వింది.

"ఏం రాస్తున్నావే తల్లీ, నా మీద ఫిర్యాదా?"

చెప్పాను. అయిదు మాటలూ విడమరిచి చెప్పాను. గుడ్లకి సిగరెట్లంటే త్రోకార్ అనాలని, ఇళ్ళకి పెర్ముతార్ అనాలని.

"గుడ్లకో మాట, ఇంటికో మాటా? మీ ఆఫీసులో బాగా తీరిక ఉన్నట్టుందే" అంది.

"ఇంటికి రెండు పక్కలా సమానంగా ఉండాలి మామ్మగారూ. గుడ్లకి అలా అక్కర్లేదు."

"అక్కర్లేదా? నాలుగు గుడ్లకి మూడు సిగరెట్లిచ్చి చూడు, ఏమవుతుందో."

కాఫీ ఇచ్చింది. రేషన్ కాఫీ, సగం బఠాణీ పిండి. అయినా ఆ గుమ్మంలో తాగితే బాగుంది. ఆ కుర్చీ ఎక్కడ వేసుకోవాలో కూడా నేను అనుకుని పెట్టుకున్నాను.

మార్చి 19, బుధవారం

ఇళ్ళ ఆఫీసువాళ్ళు కొత్త మెలిక పెట్టారు. ఇల్లు మార్చుకునే ప్రతి మనిషీ తన చేత్తో తనే రాయాలి, "నా ఇష్టపూర్వకంగా మార్చుకుంటున్నాను" అని. కొట్టివేతలుంటే చెల్లదు. మామ్మకి రాసే అలవాటు పోయింది, చేతులు వణుకుతాయి. "మీరు చదువుకున్నవారు, దగ్గరుండి రాయించండి" అని ఇదాల్మిస్ నన్ను అడిగింది. తను రాయించబోతే పోట్లాట అవుతుందట. రేపు వెళ్ళాలి.

మార్చి 20, గురువారం

ప్రూఫులు అరవై నాలుగో పేజీ దాకా చూశాను. వాన.

మార్చి 22, శనివారం

కాగితాలన్నీ ఇచ్చేశాం. మామ్మ రాసినది కూడా అయింది. ఒక్క కొట్టివేత లేదు, చేతిరాత బాగుంది. గుమాస్తా మెచ్చుకుంది కూడా.

ప్రాదో వెళ్ళనక్కర్లేని మొదటి శనివారం. ఇంట్లో కూర్చుంటే ఏం చేయాలో తోచలేదు.

ఏప్రిల్ 4, శుక్రవారం

ఇల్లు కొలవడానికి మనిషి రావాలి. రాలేదు.

ఏప్రిల్ 11, శుక్రవారం

కొలిచేవాడు వచ్చాడు, టేపు మర్చిపోయి వచ్చాడు. అడుగులేసి కొలవమన్నాను. నా వైపు చూసి, "అటక లెక్కలోకి రాదమ్మా" అని చెప్పి వెళ్ళిపోయాడు. లెక్కలోకి రానిదాంట్లో అయిదేళ్ళు పడుకున్నాను.

ఏప్రిల్ 15, మంగళవారం

పెర్ముతార్‌కి ఇప్పటికి పదకొండు వాక్యాలు రాశాను. ఎలీహియో పదకొండూ కొట్టేశాడు. చివరిది ఇది: "ఒకరి ఇల్లు ఒకరు ఇష్టపూర్వకంగా మార్చుకుని ఇద్దరూ సంతోషించారు."

"నిఘంటువులో ఎవరూ సంతోషించనక్కర్లేదు ఒతీలియా. మార్చుకుంటే చాలు" అన్నాడు.

"మరి ఇష్టం లేకుండా మార్చుకుంటే దానికేం మాట వాడతావు?"

"అది వేరే క్రియ. అది నీ జాబితాలో లేదు" అన్నాడు. ఇంత చిన్న మాటకి నేను కాగితాలు టేబుల్ మీద విసిరికొట్టి బయటికి ఎందుకు వచ్చానో నాకే తెలీదు. నిద్ర చాలడం లేదు. అటక మీద ఉక్క మొదలైంది.

ఏప్రిల్ 22, మంగళవారం

టేపుతో వచ్చాడు. కొలిచాడు.

ఏప్రిల్ 27, ఆదివారం

గిన్నెలు పంచుకున్నాం. పెద్ద బాణలి రిగోబెర్తోది, ప్రెషర్ కుక్కరు నాది. పోట్లాడుకోలేదు. అలవాటు లేక ఇద్దరం ఇబ్బంది పడ్డాం.

"ఆ ముసలావిడ దగ్గరికి వెళ్ళడం మానేశావేం? వారానికి రెండుసార్లు వెళ్ళేదానివి" అన్నాడు.

"పనుంది."

"నీ కుర్చీ ఎక్కడ వేసుకుంటావో కూడా చెప్పావు నాకు."

"పనుందన్నాను కదా."

అతను బాణలి పాత పేపరులో చుట్టుకున్నాడు. సియోమారా వాళ్ళ అమ్మ ఇంట్లో తన వాటా చెల్లెలికి రాసిచ్చేసిందట. వచ్చే నెలలో పెళ్ళి. సంతకాలు మే ఆరున.

మే 6, మంగళవారం

మొత్తం రాస్తాను.

పదింటికి పిలిచారు. బల్లకి అటు నోటరీ, మా వయసావిడ, కళ్ళజోడు తాడుకి వేలాడుతోంది. ఇటు రిగోబెర్తో, ఇదాల్మిస్, ఆమె భర్త, నేను, నా పక్కన మామ్మ. మామ్మ మంచి గౌను వేసుకుంది, పౌడరు రాసుకుంది. నెలన్నర తర్వాత చూస్తున్నాను. నా చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. నేను వెనక్కి తీసుకోలేకపోయాను.

నోటరీ కాగితమంతా చదివి, ఒక్కొక్కరినీ అడిగింది, ఇష్టపూర్వకంగానేనా అని. రిగోబెర్తో అవునన్నాడు. ఇదాల్మిస్ అడగకముందే అవునంది. ఆమె భర్త తలూపితే నోటితో చెప్పమంది. నేను అవునన్నాను. తర్వాత మామ్మ వంతు.

మామ్మ నోటరీ వైపు చూడలేదు. "ఈవిడ మాటల పుస్తకం రాస్తుంది" అంది, నన్ను చూపించి. "ఏ మాట ఎప్పుడు అనాలో ఈవిడకి తెలుసు. ఈవిడ ఏం చెప్తే అది రాసుకోమ్మా."

"అలా కుదరదు, మీరే చెప్పాలి."

"నా ఇల్లు ఈవిడ చూసింది. నేను పోవాల్సిన ఇంట్లో ఈవిడే ఉంటోంది. రెండూ తెలిసిన మనిషి ఈవిడొక్కతే. నాకు మెట్లు మాత్రమే తెలుసు."

ఇదాల్మిస్ "అత్తా, అవునని చెప్పు" అంది. గట్టిగా కాదు, బతిమాలుతున్నట్టు. నోటరీ కళ్ళజోడు తీసి నా వైపు చూసింది. రిగోబెర్తో కూడా చూశాడు. మామ్మ నా చెయ్యి వదల్లేదు.

"నాలుగో అంతస్తు" అన్నాను. "కిటికీ లేదు. వేసవిలో ఊపిరాడదు. వీధి కనపడదు. ఒకసారి పైకెక్కితే ఆవిడ మళ్ళీ దిగలేరు. ఆవిడకి ఇష్టం లేదు."

నోటరీ పెన్నుకి మూత పెట్టింది. "మరయితే ఇంకేం ఉంది" అని కాగితాలు పక్కకి తోసింది. తర్వాతివాళ్ళని పిలిచింది.

బయట వరండాలో ఇదాల్మిస్ నా దారికి అడ్డంగా నిలబడింది. "నీకు ఇన్నాళ్ళూ నోరు లేదా? మా ఇంటికి వచ్చావు, కాఫీ తాగావు, గోడలకి చెవులు పెట్టి చూసుకున్నావు. ఇవాళ ఆవిడ మీద ప్రేమ పుట్టుకొచ్చిందా? నువ్వు పోయి ఆ అటకెక్కి పడుకుంటావు. నేనెక్కడ పడుకోవాలి, చెప్పు. ఇంకో పన్నెండేళ్ళు ఆ స్టవ్ పక్కనేనా?" ఆమె భర్త లాక్కెళ్ళాడు.

రిగోబెర్తో మెట్లెక్కుతూ మూడో అంతస్తులో ఆగాడు. "ముందే చెప్పొచ్చు కదా, ఒతీలియా. సియోమారా వాటా వదులుకోకముందు చెప్పొచ్చు కదా" అన్నాడు. అరిచి ఉంటే తిరిగి అరిచేదాన్ని. అరవలేదు.

ఇప్పుడు అవతల ఈల లేదు. రేడియో లేదు. అయిదేళ్ళుగా నేను కోరుకున్నది ఇదే.

మే 7, బుధవారం

ఆఫీసులో తెలిసిపోయింది. ఎలీహియో లేచి వచ్చి నా భుజం తట్టాడు. "ఇల్లు వదులుకున్నావు, న్యాయం వదల్లేదు. మనిషంటే నువ్వు" అన్నాడు. టైపిస్టు తన బన్ను నాకు పెట్టింది. తిన్నాను.

పెర్ముతార్‌కి వాక్యం ఇచ్చేశాను: "ఇద్దరు టీచర్లు తాము పనిచేసే ఊళ్ళు మార్చుకున్నారు." అయిదు నిమిషాల్లో రాశాను. చాలా బాగుందన్నాడు.

మే 8, గురువారం

కింది వాటా ఆవిడ కూడా మెచ్చుకుంది.

మే 9, శుక్రవారం

ఇవాళ మెట్ల మీద మళ్ళీ ఎవరో "గొప్ప పని చేశావమ్మా" అన్నారు. ఇక వినలేను. ఎక్కడో ఒకచోట రాయాలి, ఇంకెక్కడ రాస్తాను.

మార్చి ఇరవైన వాన పడింది, ప్రూఫులు చూశాను, అవి నిజమే. మధ్యాహ్నం మూడింటికి మామ్మ దగ్గరికి వెళ్ళాను. తలుపు దగ్గరగా వేసింది, ఎవరూ లేరు. కాగితం బల్ల మీద పెట్టాను. ఆవిడ దాని వైపు చూసి, "అమ్మాయ్, ఇదాల్మిస్‌ని అడిగితే బాగుందంటుంది, దానికి బాగుంటుంది మరి. నువ్వు చెప్పు. అక్కడ నాకు గాలి ఆడుతుందా? నువ్వు వద్దంటే రాయను" అంది.

అంత సూటిగా అడిగింది. నేను ఆలోచించలేదు కూడా. "ఆడుతుంది మామ్మగారూ, రాయండి" అన్నాను.

అందరిముందూ అడిగినప్పుడు నిజం చెప్పాను. మేమిద్దరమే ఉన్నప్పుడు అడిగితే చెప్పలేదు. ఆరో తారీఖున ఆవిడ నన్ను నమ్మి అడిగిందో, నేను అబద్ధం చెప్పానని తెలిసే అడిగిందో నాకు తెలీదు. వెళ్ళి కనుక్కునే ధైర్యం లేదు.

"నా ఇష్టపూర్వకంగా" అన్న దగ్గర ఆవిడ చెయ్యి వణికింది. నేను పట్టుకుని రాయించాను.